సత్యవతమ్మ జబ్బు

మంచాలు వచ్చాయి గానీ పరుపుల మీది ప్లాస్టిక్ కవర్లు ఎవరూ తీయలేదు. డాక్టర్ లలితాంబ వార్డు గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి చూసింది. రంగు వాసన తప్ప ఇంకేమీ లేదు. మనుషుల వాసన లేని ఆసుపత్రిని నమ్మే వెర్రివాళ్ళు మెడికల్ కౌన్సిల్‌లో ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు.

"ముందు ఆ కవర్లు పీకించండి యలమంద గారూ. రోగి ఇటు నుంచి అటు తిరిగితే పక్క కరకరలాడుతుందా ఎక్కడైనా?" అంది.

యలమంద, చైర్మన్ బాబూరావు గారి రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి, గుడివాడ శివార్లలో ఈ మెడికల్ కాలేజీ లేచేసరికి దానికి ఆఫీసరైపోయినవాడు. మనిషి చురుకు. ఆమె మాట పూర్తికాకముందే ఆయాలను కేకేసి పురమాయించాడు.

"మంచాల కింద చెప్పులుండాలి. పక్క బల్లల మీద ఫ్లాస్కు, బత్తాయిలు, ఓ దువ్వెన. కిటికీ చువ్వలకి తడి తువ్వాళ్ళు ఆరేయించండి. నిజం వార్డులో ఎవరో ఒకరు కింద చాప వేసుకుని పడుకునే ఉంటారు."

అడక్కుండానే ఒకదాని వెంట ఒకటి నోటికి వచ్చేస్తున్నాయి. ఇన్నేళ్ళూ బందరు ఆసుపత్రిలో ఆ చెప్పులు తీయమని, ఆ తువ్వాళ్ళు అక్కడ ఆరేయొద్దని గొంతు చించుకుని అరిచింది ఆమే. ఇప్పుడు దగ్గరుండి పెట్టిస్తోంది.

"ఇలాంటివి మాకు తట్టవండి. అందుకేగా మిమ్మల్ని పెట్టుకుంది!" అని యలమంద మురిసిపోయాడు.

పెట్టుకుంది అన్న మాట లలితాంబకు చురుక్కుమంది. మొన్న మొన్నటి దాకా బందరు ట్రస్టు ఆసుపత్రిలో వైద్యవిద్య విభాగానికి ఆమె అధిపతి. హౌస్ సర్జన్లు ఆమె అడుగుల చప్పుడు విని చొక్కా గుండీలు సర్దుకునేవాళ్ళు. కొత్తగా వచ్చిన సెక్రటరీ "నేర్పడం వల్ల మనకేం ఒరుగుతుందండీ?" అని ఆ విభాగం మూసేసిన రోజునే రాజీనామా ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులో 'మెడికల్ ఎడ్యుకేషన్ కన్సల్టెంట్' అని అచ్చేయించిన కార్డులున్నాయి. గురువారం ఇక్కడ కౌన్సిల్ వాళ్ళ ఇన్‌స్పెక్షన్. కాలేజీకి పర్మిషన్ వస్తే ఏలూరు నుంచీ భీమవరం నుంచీ కొత్త కాలేజీలన్నీ పిలుస్తాయి. రాకపోతే ఆ కార్డులు పుస్తకాల్లో గుర్తు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

"వాళ్ళు చేసేవన్నీ నీ మెడకి చుట్టుకోవు గదా?" అని పొద్దున బయల్దేరేటప్పుడు భర్త రాధాకృష్ణమూర్తి అడిగాడు. సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి, ఏదైనా మెల్లగానే అడుగుతాడు.

"నేను నేర్పడం వరకే. మిగతాది వాళ్ళ గొడవ" అని గట్టిగానే చెప్పి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు మిగతాది బస్సులో దిగింది. దివిసీమ వైపు ఊళ్ళవాళ్ళు సగం, చిలకలపూడిలో గిల్టు నగలు చేసేవాళ్ళు సగం. చంకలో సంచులు, నోట్లో కిళ్ళీలు. తిరునాళ్ళకొచ్చినట్టు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటూ దిగారు. యలమంద మెట్ల దగ్గర నిలబడి తలకొక కేసుషీటు చేతికిచ్చి మంచాలు చూపించాడు. షీట్లలో పేర్లు, జబ్బులు ముందే రాసి ఉన్నాయి. అచ్చంగా నాటకానికి వేషాలు పంచినట్టే పంచాడు.

"ఫ్రీ క్యాంపండి" అన్నాడు బాబూరావు, ఆమె పక్కకు వచ్చి నిలబడి. తెల్ల చొక్కా, మెళ్ళో సన్నటి గొలుసు. "పాపం పల్లెటూళ్ళ జనం. వీళ్ళకి వైద్యం అందాలనే కదండీ మన తాపత్రయం."

లలితాంబ తలూపింది. ఇన్‌స్పెక్షన్ రోగులంటే రోజు కూలికి తెచ్చి పడుకోబెట్టే జనమేనని ఆమెకు తెలియదా? ఈ రంగంలో ఉన్నవాళ్ళెవరికి తెలియదు? అందరూ ఇలాగే నెట్టుకొస్తున్నారు, రేపు రోగులు నిజంగానే వస్తారు, అప్పటికి పిల్లలకు నేర్పేవాళ్ళు తయారుగా ఉంటే చాలుననుకుంది. మనసుకు సర్దిచెప్పుకోవడంలో చదువుకున్నవాళ్ళకున్న నేర్పు ఇంకెవరికీ ఉండదు.

*

సాయంత్రం వార్డులో రిహార్సల్ మొదలైంది. కాలేజీ మొత్తానికి రోజూ కనిపించే డాక్టర్లు నలుగురైదుగురే. తక్కిన ప్రొఫెసర్లందరూ గురువారం పొద్దున విజయవాడ నుంచి కార్లలో దిగుతారు. ఉన్నవాళ్ళలో హేమంత్ ఒకడు. బందరులో లలితాంబ దగ్గరే హౌస్ సర్జన్సీ చేశాడు. ఆమెను చూడగానే చెయ్యి అలవాటుగా చొక్కా గుండీ మీదికి పోయింది.

"ఇన్‌స్పెక్టర్ ఏ మంచం దగ్గరైనా ఆగి నిన్ను పరీక్ష చెయ్యమంటాడు. చెయ్యి" అంది లలితాంబ.

హేమంత్ మొదటి మంచం దగ్గరికి వెళ్ళి ఓ చిలకలపూడి ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఏదీ, వదులు. నేనేం చెప్పేదాన్ని?"

హేమంత్ నాలిక కరుచుకున్నాడు. "ముందు పేరు, తర్వాత చెయ్యి మేడం."

"మరి? పేరు అడగందే ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి మనమేం పోలీసులమా? స్టూలు లాక్కో. కూర్చో. మొహం చూస్తూ అడుగు."

అక్కడి నుంచి ఆమె తను కన్సల్టెంటునన్న సంగతే మరచిపోయింది. మంచం మంచానికీ అదే పాఠం. మిగతా డాక్టర్లనూ, నర్సింగ్ పిల్లలనూ ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టింది. చెయ్యి ముందు చాచినవాళ్ళనల్లా "ముందు పేరు!" అని గదిమింది. రోగులు దుప్పట్లలోంచి తలలెత్తి ఈ సంబరం చూస్తున్నారు. చిలకలపూడి ముసలాయనైతే నర్సు దగ్గరికి రాగానే "పేరడుగమ్మా, పేరు" అని అందించడం మొదలుపెట్టాడు. వార్డంతా నవ్వింది. లలితాంబ కూడా నవ్వింది. రాజీనామా ఇచ్చిన తర్వాత ఆమె మనసారా నవ్వడం అదే మొదలు.

కిటికీ పక్క మంచం మీద ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉన్న ఒకామె పడుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"పడుకోవమ్మా. జ్వరం రోగివి నువ్వు" అన్నాడు యలమంద వెనక నుంచి.

"పడుకుంటే ఊపిరి సలపదండి. ఇట్టా కూర్చుంటానులెండి."

ఆ మాట లలితాంబ చెవిన పడింది. స్టూలు లాక్కుని తనే కూర్చుంది.

"నీ పేరేంటమ్మా?"

ఆమె యలమంద వైపు చూసింది. తర్వాత కాళ్ళ దగ్గరి షీటు వైపు చూసింది. "సత్యవతమ్మండి."

బుగ్గలు కందినట్టు ఎర్రగా ఉన్నాయి. పెదవుల చివర నీలి ఛాయ. లలితాంబ నాడి చూసింది. ఎడమ పక్కకు తిరగమని చెప్పి స్టెతస్కోపు రొమ్ము కింద ఆనించింది. కళ్ళు మూసుకుంది. తిరగలి విసిరినట్టు లోపల బరువుగా, గరగరమని చప్పుడు. ఒకసారి తీసి మళ్ళీ పెట్టి విన్నది. తర్వాత హేమంత్‌ను పిలిచి అతని చెవులకు పెట్టింది.

హేమంత్ మొహంలో నవ్వు మాయమైంది. "మైట్రల్..." అన్నాడు గొంతు తగ్గించి.

"ఊఁ. బాగా ఇరుకైపోయింది."

చిన్నప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి, ఎవరూ పట్టించుకోక, అది గుండె కవాటాన్ని పట్టుకుని ఉంటుంది. ఇలాంటివాళ్ళు ఒకరోజు ఉన్నట్టుండి నురగలు కక్కుకుని పోతారు. బెలూను వేసి కవాటం తెరిస్తే హాయిగా బతుకుతారు. తేడా అంతే. అంత తేడా.

"సత్యవతమ్మా, జాగ్రత్తగా విను. నీకు జ్వరం కాదు. గుండెలో కవాటం మూసుకుపోతోంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"వస్తదండి."

"రాత్రిళ్ళు దగ్గా?"

"అదీ ఉందండి." ఆమె శ్రద్ధగా వింటోంది. చివరి దాకా విని బుద్ధిగా తలూపింది. "సరేనండి. జ్వరం కాదు, గుండె జబ్బని చెప్తాను. ఆయాసం, దగ్గు. ఇంకేమన్నా చెప్పాలా అండి?"

లలితాంబకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"చెప్పడానికి కాదు తల్లీ. నిజంగానే ఉంది నీకు."

"అట్టాగేనండి. నిజంగా ఉన్నట్టే చెప్తాను."

*

"అద్భుతం కదండీ మేడం!" అన్నాడు బాబూరావు, మర్నాడు సంగతి విని. "దొంగ జ్వరాల మధ్య ఒక్క అసలైన గుండె కేసు! ఇన్‌స్పెక్టర్‌ని తిన్నగా అక్కడికే తీసుకెళ్దాం."

"ఆవిడకి వైద్యం కావాలి బాబూరావు గారూ. ఇవాళే మందులు మొదలుపెట్టాలి. తర్వాత విజయవాడ పంపాలి."

"పంపిద్దాం. ఎందుకు పంపించం? రేపొక్క రోజు గడవనివ్వండి."

మాత్రలు మాత్రం లలితాంబ తనే గుడివాడ బజారుకు మనిషిని పంపి తెప్పించింది. కాలేజీ ఫార్మసీలో అలమారల నిండా ఉన్నవి ఖాళీ అట్టపెట్టెలు. సత్యవతమ్మ మాత్ర వేసుకుని "ఇదీ వెయ్యాలా అండి?" అని ఆశ్చర్యపోయింది. వేషానికి ఇంత సరంజామా ఎందుకనుకుందో ఏమో.

"మీ ఊళ్ళో ఎవరికైనా కబురు పెట్టనా?" అని అడిగింది లలితాంబ.

"ఎందుకండీ, రేపు సాయంత్రం వెళ్ళిపోతాం గదా. మా చిన్నది ఎదురుచూస్తా ఉంటది."

ఆ పూట ఇంటికెళ్ళి లలితాంబ అన్నం కెలికి లేచింది. రాధాకృష్ణమూర్తి మజ్జిగ గ్లాసు తెచ్చి దగ్గర పెట్టాడు.

"నేను చెప్పిన మాట రోగి నమ్మకపోవడం ఇదే మొదటిసారండీ" అంది ఆమె. ఏడుపొచ్చింది. మజ్జిగ తాగి దాన్ని మింగేసింది.

*

గురువారం ఇన్‌స్పెక్టర్లు ముగ్గురొచ్చారు. వారిలో పెద్దాయన మైసూరు వైపు ప్రొఫెసర్, పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఎవరు పూలగుత్తి ఇచ్చినా పక్కనున్నవాడి చేతిలో పెట్టేస్తున్నాడు. మిగతా ఇద్దరూ లైబ్రరీకీ లేబొరేటరీకీ వెళ్ళారు. ఆయన నేరుగా వార్డుకొచ్చాడు. విజయవాడ నుంచి దిగిన ప్రొఫెసర్లు కొత్త తెల్లకోట్లలో వరసగా నిలబడ్డారు. ఒకాయన కోటు మీద మడతలు ఇంకా పోలేదు.

పెద్దాయన ముందు కిటికీ చువ్వల మీది తువ్వాళ్ళు చూశాడు. మంచాల కింద చెప్పులు చూశాడు. ఓ మంచం దగ్గర ఆగి, షీటు తిరగేసి, పెదవి విరిచాడు. రెండో దాని దగ్గరా అంతే. బాబూరావు నుదురు చెమర్చింది. లలితాంబ సలహాదారు హోదాలో వెనక వరసలో ఉంది. పెద్దాయన నమ్మడం లేదని నడకలోనే తెలుస్తోంది.

కిటికీ దగ్గర ఆగాడు. గోడకానుకుని కూర్చున్న మనిషిని తేరిపార చూశాడు.

"పరీక్ష చెయ్యండి" అన్నాడు ఇంగ్లీషులో, ఎవరినని చెప్పకుండా. తెల్లకోట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హేమంత్ ముందుకొచ్చాడు. స్టూలు లాక్కున్నాడు. కూర్చున్నాడు.

"మీ పేరేంటమ్మా?"

"సత్యవతమ్మండి."

పెద్దాయన కనుబొమ్మలు పైకి లేచాయి. హేమంత్ అడిగాడు, చూశాడు, పక్కకు తిప్పి విన్నాడు, చెప్పాడు. తడబడలేదు. పెద్దాయన తనూ వంగి కళ్ళు మూసుకుని విన్నాడు. లేచి, వచ్చీరాని తెలుగులో "ఎన్ని దినాలు?" అని అడిగాడు.

సత్యవతమ్మ లలితాంబ వైపు ఒక చూపు చూసి గడగడా చెప్పింది. "మెట్లెక్కితే ఆయాసమండి. పడుకుంటే ఊపిరందదండి. రాత్రిళ్ళు దగ్గు. పీతల బుట్ట ఎత్తితే కళ్ళు బైర్లు కమ్ముతాయండి. మా చిన్నది పుట్టినకాడి నుంచీ ఇంతేనండి."

పీతల బుట్ట సంగతి ఎవరూ నేర్పలేదు.

"ఈ అబ్బాయికి నేర్పింది ఎవరు?" అన్నాడు పెద్దాయన. హేమంత్ లలితాంబను చూపించాడు. ఆయన ఆమెకు నమస్కారం పెట్టాడు. "రోగి పేరుతో మొదలుపెట్టే డాక్టర్ని చూసి చాలా కాలమైంది. ఈమెని ఏం చేస్తారు?"

అందరూ లలితాంబ వైపు తిరిగారు. నిజం చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు. ఈమె ఇక్కడి రోగి కాదు సార్, వీళ్ళలో ఎవరూ ఇక్కడి రోగులు కారు. అది నాలిక చివరి దాకా వచ్చింది. కింద పడబోతున్న గ్లాసును చూసినట్టు హేమంత్ ఆమెనే చూస్తున్నాడు.

"బెలూను వేయిస్తాం సార్. విజయవాడ పంపిస్తున్నాం" అంది.

"మంచిది" అన్నాడు ఆయన. తర్వాత ఏ మంచం దగ్గరా ఆగలేదు.

*

సాయంత్రానికి బాబూరావు మొహం వెలిగిపోతోంది. "పర్మిషన్ వచ్చేసినట్టేనండి! క్లినికల్ టీచింగ్ చాలా బాగుందని పెద్దాయన నోటితో అన్నాడు. అంతా మీ చలవ. మా వియ్యంకుడు కైకలూరులో డెంటల్ కాలేజీ పెడుతున్నాడు, మీ కార్డొకటి ఇవ్వండి."

"సత్యవతమ్మని విజయవాడ ఎప్పుడు పంపుతున్నారు?"

"ఎవరూ? ఓ, ఆవిడా." ఆయన నవ్వాడు. నిజంగా అమాయకంగానే నవ్వాడు. "అదేదో అప్పుడు అలా చెప్పాలి కదండీ. డాక్టర్లందరూ వెళ్ళిపోయారు, ఇంకెవరు చూస్తారు? బస్సు కూడా ఎక్కించేశాడు యలమంద."

కింద బస్సు స్టార్టయిన చప్పుడు వినిపించింది. లలితాంబ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తడం చూసి గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. కదులుతున్న బస్సుకు చేతులడ్డం పెట్టి ఎక్కింది.

"సత్యవతమ్మా!" అని పిలిచింది.

ఎవరూ తిరగలేదు. మళ్ళీ పిలిచింది. ముందు సీట్లో ఒకామె కిసుక్కున నవ్వి "ఆ పేరుగలావిడ ఈ బస్సులో లేదండి" అంది.

చివరి వరసలో, కిటికీకి తల ఆనించి కూర్చుని ఉంది ఆమె. బస్సు అప్పటికే పెడన రోడ్డెక్కింది. లలితాంబ పట్టుకుంటూ పట్టుకుంటూ వెళ్ళి పక్కన కూలబడింది.

"పిలుస్తుంటే పలకవేం?"

"నన్నా అండి? ఆ పేరు అక్కడితో అయిపోయింది గదండీ. నా పేరు కృపావరం." తర్వాత ఆత్రంగా అడిగింది. "బాగా చెప్పానా అండి? పీతల సంగతి నేనే కలిపాను."

"కృపావరం, నువ్వు ఇంటికెళ్ళకూడదు. నీ గుండె బాగాలేదు."

కృపావరం మొహంలో నవ్వు పోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకా ఎవరన్నా చూడ్డానికొస్తారా అండి? అయిపోయిందన్నారే యలమందగారు! ఆ జబ్బు సత్యవతమ్మదండి. పేరుతోపాటే అక్కడ వదిలేసొచ్చా. నేను తెల్లారి పీతలకి పోవాలి."

"జబ్బు నీది."

"మీరూ వాళ్ళ మనిషే గదండీ" అంది కృపావరం. ఎగతాళిగా అనలేదు, కోపంగానూ అనలేదు. బస్సు ఎటు పోతోందో చెప్పినంత మామూలుగా అంది. లలితాంబకు చెంప మీద కొట్టినట్టయింది.

బందరులో చిలకలపూడి జనం దిగారు. డ్రైవర్ ఇంజను ఆపి టీకి వెళ్ళాడు. ఆ నిశ్శబ్దంలో లలితాంబ బ్యాగులోంచి స్టెతస్కోపు తీసింది. ఇన్నేళ్ళలో ఎందరి చెవులకో పెట్టింది గానీ రోగి చెవులకు ఎప్పుడూ పెట్టలేదు. కృపావరం చెవులకు పెట్టి, రెండో కొస తన గుండె మీద పెట్టుకుంది.

"ఇది నాది. విను."

కృపావరం బిక్కుబిక్కుమంటూ వింది. "లబ్‌డబ్ అంటోందండి."

"ఎడమ పక్కకి వాలు. ఇప్పుడిది నీది."

కృపావరం కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ లలితాంబ గుండె మీద పెట్టి వింది. మళ్ళీ తన గుండె మీద పెట్టుకుంది. "ఇదేంటండీ, బోటు మోటారు ఇసకలో ఇరుక్కున్నట్టు..."

"అందుకే నీకు ఆయాసం."

స్టెతస్కోపు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నేను చెప్పిందంతా నిజమేనా అండి?" అంది. "మా చిన్నది..."

"దానికి కబురు పంపుదాం. లే, దిగు."

ఆటోలో కూర్చున్నాక రాధాకృష్ణమూర్తి ఫోన్ చేశాడు. "ఏమైంది నీ కన్సల్టేషను?"

"పేషెంటుతో వస్తున్నానండీ. ఇంటికి కాదు, ఆసుపత్రికి" అని పెట్టేసింది.

నెల కిందట ఎవరి మొహమూ చూడకుండా బయటికి వచ్చేసిన గేటులోంచే మళ్ళీ లోపలికి నడిచింది. ఇప్పుడామె అక్కడ ఎవరూ కాదు. రోగి తాలూకు మనిషి, అంతే. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కొత్తమ్మాయి, ఆమెను ఎరగదు. అటెండెంట్లు బయట నిలబడాలంది. లలితాంబ గుమ్మం అవతల నిలబడింది.

డాక్టరమ్మాయి ఎవరితోనో మాట్లాడుతూనే వచ్చి, మొహం చూడకుండా కృపావరం మణికట్టు పట్టుకోబోయింది. గుమ్మం దగ్గర లలితాంబ నోరు తెరిచింది. ఇక్కడ ఆ మాట అనే హక్కు ఇప్పుడు తనకు లేదని గుర్తొచ్చి మూసుకుంది.

కృపావరం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముందు పేరడగండి డాక్టరు గారూ" అంది.

ఆ అమ్మాయి తెల్లబోయి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "పేరేంటి?"

కృపావరం గుమ్మం వైపు తిరిగి లలితాంబను చూసింది. ఎవరూ అందించనక్కర్లేకుండానే చెప్పింది.

"కృపావరమండి. మాది హంసలదీవి. నాకు గుండె జబ్బు."